విడిభాగానికీ ఓ జాతకం!

శంషాబాద్‌ విమానాశ్రయంలోని మరమ్మతు కేంద్రమైనా, విదేశాల్లోనిదైనా నియమం ఒక్కటే. ఇంజిన్‌ కీలక భాగాలకు తయారీలోనే క్రమసంఖ్య కేటాయిస్తారు. ఎప్పుడు బిగించారు, ఎన్నిసార్లు ఎగిరి దిగింది, ఎప్పుడు తనిఖీ చేశారు వంటి వివరాలు ఆ సంఖ్య కిందే సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతాయి. భాగాన్ని వేరే విమానానికి మార్చినా లెక్క కొనసాగుతుంది. పరిమితి ముగిస్తే, చెక్కుచెదరకున్నా తొలగించాల్సిందే.

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీ వద్ద డీసీ-10 విమానం కూలి 112 మంది మరణించారు. 18,000 సార్లు ఎగరవచ్చని నిర్దేశించిన ఫ్యాన్‌ డిస్క్‌ 15,503 సార్లకే పగిలింది. లోహంలోని లోపం నుంచి పెరిగిన పగులును తనిఖీలో గుర్తించలేకపోయారు. తయారీ రికార్డుల్లో ఒకే క్రమసంఖ్యతో రెండు డిస్కులున్నట్లు దర్యాప్తులో తేలింది.

కంప్యూటర్‌ లెక్కిస్తుందే తప్ప పగులును చూడలేదు. నమోదు, తనిఖీ రెండూ నిక్కచ్చిగా సాగినప్పుడే ప్రయాణికుల ప్రాణాలకు భరోసా.