రమజాన్‌లో తగ్గిన బరువు షవ్వాల్ దాటాక నిలిచేదెలా?

రమజాన్ నెలలో అసర్ నమాజు ముగిసిందంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వరకూ దారి రూపమే మారిపోతుంది. హోటళ్ల ముందు హలీం బట్టీల చుట్టూ జనం గుమిగూడతారు. తోపుడు బండ్లపై ఖర్జూరాలు, పుచ్చకాయలు కొలువుదీరుతాయి. అశోక్‌నగర్ సందుల్లో కోచింగ్ తరగతులు ముగించుకుని హాస్టళ్లకు వెళ్లే విద్యార్థులు సైతం ఆ పరిమళానికి ఒక్క క్షణం ఆగుతారు. తెల్లవారుజాము నుంచి మంచినీరు కూడా ముట్టని ఉపవాసి మాత్రం ఆ బట్టీలన్నింటినీ దాటుకుంటూ నిబ్బరంగా ఇంటికి నడుస్తాడు.

నెల గడిచి షవ్వాల్ చంద్రవంక కనిపించే వేళకు ఎన్నో ఇళ్లలో ఒక సంతోషపు మాట వినిపిస్తుంది: "షల్వార్ వదులైంది, కొంచెం తగ్గినట్టున్నాను." బక్రీద్ వచ్చేసరికి అదే షల్వార్ మళ్లీ బిగుతవుతుంది. నడుమ గడిచింది రెండు నెలల పైచిలుకు మాత్రమే. ముప్ఫై రోజులు ఆకలిని జయించిన మనిషి ఆ తర్వాత రెండు నెలలు ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడు? ఈ ప్రశ్న రమజాన్‌కు మాత్రమే పరిమితం కాదు. జిమ్‌లో చేరి, డైటింగ్ చేసి, మందులు వాడి బరువు తగ్గిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

లెక్కలు ఏమంటున్నాయి?

రమజాన్ ఉపవాసాలకూ శరీర బరువుకూ గల సంబంధంపై వివిధ దేశాలలో జరిగిన 35 అధ్యయనాలను 2014లో పరిశోధకులు ఒకచోట చేర్చి పరిశీలించారు. ఆ నెలలో ఉపవాసులు సగటున 1.24 కిలోలు తగ్గారు. తరువాతి కొద్ది వారాల్లోనే సగటున 0.72 కిలోలు తిరిగి పెరిగారు. అంటే తగ్గినదానిలో సగానికి మించి వెనక్కి వచ్చేసింది.

ఏడాది పొడవునా పథ్యం చేసేవారి కథ కూడా దీనికి భిన్నంగా లేదు. అమెరికాలో జరిగిన 29 దీర్ఘకాలిక అధ్యయనాల ప్రకారం, తగ్గిన బరువులో సగానికి పైగా రెండేళ్లలో తిరిగి వచ్చింది. ఐదేళ్లకు 80 శాతానికి పైగా వచ్చేసింది. ఇటీవల ఎంతో ప్రచారం పొందిన సెమాగ్లుటైడ్ సూది మందు విషయంలోనూ ఇదే తేలింది. దాన్ని ఆపిన ఏడాదికల్లా, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్లు 2022లో వెలువడిన అధ్యయనం తెలిపింది.

కనుక బరువు తగ్గడం ఒక పని, తగ్గిన బరువును నిలుపుకోవడం పూర్తిగా మరో పని. మొదటిదానికి గడువు ఉంటుంది. రెండోదానికి గడువు లేదు. మొదటి పనికి పనికొచ్చిన పద్ధతితోనే రెండోదాన్నీ సాధించాలని చూడటంలోనే మనం పొరబడుతున్నాం.

ఇది మనోబల లోపమేనా?

బరువు తిరిగి పెరిగినవారిని మన సమాజం సులభంగా నిందిస్తుంది. "తగ్గావని అందరికీ చెప్పుకున్నావుగా, మళ్లీ మొదటికొచ్చావే!" అని వలీమా విందులో నలుగురి ముందూ నవ్వుతూ అనే మాట ఆ సోదరి మనసులో ఎన్నాళ్లు ముల్లులా ఉండిపోతుందో అన్నవారికి తెలియదు. పరస్పరం ఎగతాళి చేసుకోరాదని, ఎత్తిపొడుచుకోరాదని సూరా అల్ హుజురాత్ 11వ ఆయత్ మనల్ని వారిస్తోంది. శరీర ఆకృతిని గురించిన ఎగతాళికి అందులో మినహాయింపు ఏదీ లేదు.

పైగా ఆ నింద శాస్త్రీయంగా కూడా సరైనది కాదు. బరువు తగ్గినప్పుడు శరీరం దాన్ని విజయంగా భావించదు, కరవుగా భావిస్తుంది. నిల్వ కొవ్వు తగ్గగానే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది, ఆకలిని రేపే గ్రెలిన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవారిని ఏడాది తరువాత పరీక్షించారు. అప్పటికీ ఈ హార్మోన్లు పూర్వస్థితికి రాలేదు, ఆకలి కూడా శాంతించలేదు.

దీన్ని శాస్త్రవేత్తలు అంకెల్లోనూ అంచనా కట్టారు. తగ్గిన ప్రతి కిలోకూ శరీరం రోజుకు 20 నుంచి 30 కిలో కేలరీలు తక్కువ ఖర్చు చేస్తుంది. ఆకలి మాత్రం సుమారు 100 కిలో కేలరీల మేర పెరుగుతుంది. ఐదు కిలోలు తగ్గినవారి దేహం రోజూ సుమారు 500 కిలో కేలరీలు అదనంగా అడుగుతుందన్నమాట. ఆ పోరు కంటికి కనిపించదు. రమజాన్‌లో ఇల్లూ వాకిలీ, మస్జిదూ బజారూ అన్నీ ఉపవాసికి తోడు నిలుస్తాయి. షవ్వాల్‌లో ఆ తోడు ఒక్కసారిగా తొలగిపోతుంది. తరావీహ్ నమాజుల్లో రాత్రిపూట నిలబడిన ఆ గంట సమయమూ ఆగిపోతుంది. మరోవైపు ఈద్ షీర్ ఖుర్మాతో మొదలై పెళ్లిళ్లు, దావత్‌లు వరుసకడతాయి. బిర్యానీ, డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా వెంటవెంటనే పళ్లెంలోకి చేరతాయి.

కొద్దిపాటి ఆచరణ, నిరంతర ఆచరణ

ఈ సమస్యకు పనికొచ్చే సూత్రం మన ధర్మంలోనే ఉంది. కొద్దిపాటిదైనా సరే, ఎడతెగక చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించినట్లు ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఉదంతం దీన్ని మరింత తేటతెల్లం చేస్తుంది. యౌవనంలో ఆయన ప్రతి పగలూ ఉపవాసం, ప్రతి రాత్రీ జాగరణ చేసేవారు. సంగతి తెలిసిన దైవప్రవక్త (స) ఆయన దేహానికి కూడా ఆయనపై హక్కు ఉందని గుర్తుచేసి, నెలకు మూడు ఉపవాసాలు చాలన్నారు. తనకు ఇంకా శక్తి ఉందని ఆయన పదే పదే కోరగా, చివరకు రోజు విడిచి రోజు ఉపవాసానికి అనుమతి లభించింది. వృద్ధాప్యంలో ఆ నియమం భారమైనప్పుడు, దైవప్రవక్త (స) ఇచ్చిన సడలింపును ఆనాడే స్వీకరించి ఉంటే బాగుండేదని ఆయన అనుకున్నారు. ఇది ఆరాధనకు సంబంధించిన ఉదంతం. అయినా ఉత్సాహంలో తలకెత్తుకున్న పెద్ద నియమం రేపటికి ఎంత బరువవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ మరొకటి కనిపించదు.

అమెరికాలో 1994 నుంచి ఒక జాబితా నిర్వహిస్తున్నారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, దాన్ని ఏడాదికి పైగా నిలుపుకున్నవారే అందులో సభ్యులు. పదివేల మందికి పైగా ఉన్న ఆ సభ్యులు బరువు తగ్గిన మార్గాలు వేర్వేరు. నిలుపుకున్న మార్గాలు మాత్రం చాలావరకు ఒకటే. వారిలో 90 శాతం మంది రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేస్తారు, అందులో నడకదే పెద్ద వాటా. 75 శాతం మంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. 78 శాతం మంది రోజూ ఉదయపు ఆహారం తీసుకుంటారు. మామూలు రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ ఒకే తీరుగా తినేవారు ఎక్కువగా నిలదొక్కుకున్నారు. రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకూ నిలుపుకోగలిగితే ఆపైన నిలిచే అవకాశం బాగా పెరుగుతుందని కూడా తేలింది. అద్భుతాలేవీ లేవు. ఉన్నదంతా ఇస్తిఖామత్, అంటే నిలకడ.

మన వాడలో, మన ఇంట్లో

ఈ నిలకడకు మన పరిసరాలు ఏ మేరకు తోడ్పడతాయో చూద్దాం.

నడక: అశోక్‌నగర్‌ను ఆనుకునే ఇందిరా పార్కు ఉంది. 1975లో నాటి రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ దీనికి శంకుస్థాపన చేశారు. 1978 నుంచి ప్రజలకు అందుబాటులో ఉంది. ఫజర్ నమాజు తరువాత నలుగురు సోదరీమణులు కలిసి అక్కడ నడవడం మొదలుపెడితే, ఒకరు బద్ధకించిన రోజున మిగిలిన ముగ్గురూ ఆమెను లేపుతారు. ఉద్యోగాలకు వెళ్లే సోదరులకు మరో వీలుంది. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన మెట్రో మార్గంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు వరుసగా ఉన్నాయి. ఒక స్టేషన్ ముందే దిగి ఇంటికి నడిస్తే వ్యాయామానికంటూ వేరే సమయం కేటాయించనక్కర్లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దస్తమానం కూర్చుని చదివే మన పిల్లలు జుహర్‌కు, అసర్‌కు మస్జిదు దాకా నడిచి వెళ్లి రావడాన్ని అలవాటు చేసుకోవాలి. సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగడాన్ని వారానికి ఒక రోజుకు పరిమితం చేసుకోవాలి.

నూనె లెక్క: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో కేలరీల ఆహారంలో వంటనూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలు. నలుగురు పెద్దలున్న ఇంటికి ముప్ఫై రోజులకు లెక్క వేస్తే అది దాదాపు మూడున్నర లీటర్లు. ఈ నెల మన ఇంటికి ఎన్ని నూనె ప్యాకెట్లు వచ్చాయో సరుకుల చీటీ తీసి చూసుకుంటే చాలు, ఏ వైద్యుడూ చెప్పనక్కర్లేదు.

పళ్లెం: అదే సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచిస్తోంది. మన దస్తర్‌ఖాన్‌పై మాంసం కూర నడిమధ్యన ఉంటుంది, కూరగాయలు ఒక మూలకు ఒదిగి ఉంటాయి. బిర్యానీని మానుకోవడం కన్నా, దాని పక్కన కీర, టమాటా, ముల్లంగి ముక్కలతో మరో పళ్లెం నింపి మొదట దాన్ని ఖాళీ చేయడం ఎక్కువ కాలం సాగుతుంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) బోధన తిర్మిజీ గ్రంథంలో ఉంది. తినండి, తాగండి, మితి మీరకండి అన్నదే సూరా అల్ ఆరాఫ్ 31వ ఆయత్ ఆదేశ సారాంశం.

ఉపవాసం: షవ్వాల్‌లో ఆరు ఉపవాసాలు, ఆపైన సోమ, గురువారాల నఫిల్ ఉపవాసాలు మనకు సున్నత్‌గా లభించాయి. సంకల్పం అల్లాహ్ ప్రసన్నతే కావాలి. ఆకలిపై అదుపు అందులో అదనంగా దక్కే మేలు. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, బాలింతలు వైద్యుని సలహా లేకుండా వీటికి పూనుకోరాదు.

తూకం: వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళ బరువు చూసుకుని రాసిపెట్టుకోవాలి. రెండు కిలోలు పెరగగానే మేలుకుంటే దిద్దుకోవడం సులభం. పది కిలోలు పెరిగాక అద్దాన్ని తప్పించుకు తిరగడం తప్ప మరేమీ తోచదు. నడుము కొలత కూడా ముఖ్యమే. భారతీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

అతిథి మర్యాద: "ఏం భాభీ, మా వంట నచ్చలేదా? ఇంకొక్క గరిట!" అనే ఆప్యాయత మన సంస్కృతిలోని సొగసు. కానీ ఒకసారి వద్దన్న అతిథిని రెండోసారి బలవంతపెట్టకపోవడం కూడా మర్యాదే. భార్యకు పథ్యం చెప్పి, తాను రాత్రి పదింటికి హోటల్ పొట్లంతో ఇంటికొచ్చే భర్త ఆమెకు సాయపడుతున్నట్లు కాదు. ఇంట్లో ఒక్కరి పళ్లెం మారితే అది పథ్యం అవుతుంది. అందరి పళ్లెం మారితే అలవాటవుతుంది.

ఇంత శ్రమ ఎందుకు?

ఇది అందం కోసం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు, 32.3 శాతం పురుషులు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఆ వెనుకే మధుమేహం పొంచి ఉంది. బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, బరువు తగ్గించే కార్యక్రమంలో చేరిన మధుమేహ రోగులలో 46 శాతం మంది ఏడాదికి మందులు లేకుండానే చక్కెరను అదుపులోకి తెచ్చుకున్నారు. రెండేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి జారింది. అయితే పది కిలోలకు మించిన తగ్గుదలను రెండేళ్లూ నిలుపుకున్నవారిలో 64 శాతం మంది ఆ స్థితిలోనే కొనసాగారు. నిలుపుకోవడం విలువ అది.

ఇప్పటికే తిరిగి పెరిగిపోయినవారికి ఒక ఊరట మాట. అమెరికాలోని మధుమేహ నివారణ అధ్యయనంలో జీవనశైలి మార్చుకున్నవారు క్రమంగా చాలావరకు బరువు తిరిగి పెరిగారు. అయినా పదేళ్ల తరువాత చూస్తే, వారిలో మధుమేహం ఇతరులకన్నా 34 శాతం తక్కువగా వచ్చింది. నడిచిన నడక వృథా పోలేదు. నిరాశ విశ్వాసి లక్షణం కాదు. మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మాత్రం పది నియమాలు పెట్టుకోవద్దని మా మనవి. ఈ నెలకు ఒక్కటి చాలు. అది ఇషా తరువాత ఇరవై నిమిషాల నడక కావచ్చు, చాయ్‌లో చక్కెర ఒక చెంచా తగ్గించడం కావచ్చు. వచ్చే రమజాన్ నెలవంక కనిపించే నాటికి ఆ ఒక్కటీ మన ఇంట ఇంకా నిలిచి ఉంటే, మరొకటి చేర్చుకుందాం.

మన దేహాలు మనకు అప్పగించబడిన అమానతులు. వాటిని భద్రంగా కాపాడుకునే సద్బుద్ధిని, ఆ సద్బుద్ధిలో నిలకడను కరుణామయుడైన అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.