ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో మన తెలుగు చెదరకుండా ఉండాలంటే...

సంఘం సావనీరు, పిల్లల తెలుగు బడి పాఠాలు, ఇంటి వంశవృక్షం ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంటున్నాయి. వర్డ్ డాక్యుమెంటు, ఈ-పబ్ పుస్తకం లోపల ఉండేది ఎక్స్‌ఎంఎల్లే. కొన్నాళ్ల తర్వాత తెరిస్తే “డల్లాస్‌లో” అన్న మాట “డల్లాస్లో” అయి కూర్చుంటుంది. ఇది టైపు చేసినవారి తప్పు కాకపోవచ్చు.

“డల్లాస్‌లో” అన్నప్పుడు స్, లో కలిసి ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 8204. కనిపించదు కాబట్టి, పొరపాటున చెరిగిపోకుండా ఫైల్లో &#8204; అని రాస్తారు. “త” అయితే &#3108; అవుతుంది. వీటినే వాడుకలో క్యారెక్టర్ ఎంటిటీలు అంటారు.

ఫైలు చదివే ప్రోగ్రామును పార్సర్ అంటారు. ఈ గుర్తు కనపడగానే అది అసలు అక్షరాన్ని పెట్టేస్తుంది. 1998లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ 1.0 నియమమే అది. ముందు ఎలా రాసి ఉందో చాలా ప్రోగ్రాములు గుర్తుపెట్టుకోవు. మళ్లీ సేవ్ చేస్తే గుర్తు పోయి, కనిపించని అక్షరం మిగులుతుంది. ఆ తర్వాత ఎవరైనా ఫైలును “శుభ్రం” చేసే టూల్ నడిపితే అదీ పోవచ్చు.

గుర్తును కాపాడుకోవడానికి మూడు దారులున్నాయి.

1. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0లో క్యారెక్టర్ మ్యాప్ ఉంది. “8204 అక్షరం వస్తే &#8204; అనే రాయి” అని అందులో చెప్పవచ్చు. అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి ఇదే.

2. పార్సర్‌కు ఇచ్చేముందు &#8204; బదులు [[8204]] లాంటి తాత్కాలిక గుర్తు పెట్టి, సేవ్ చేశాక మళ్లీ మార్చాలి. రెండో మార్పు మరిస్తే చదివేవారికి ఆ అంకెలే కనిపిస్తాయి.

3. ఆస్కీ ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ అంకెలవుతాయి. ఏమీ పోదు కానీ, ఫైలు తెరిచి చదవలేం. యూటీఎఫ్-8లో 3 బైట్లు పట్టే “త”కు ఇక్కడ 7 కావాలి.

మామూలు పాఠానికైతే ఇవేవీ అక్కర్లేదు, యూటీఎఫ్-8 చాలు. ఏది చేసినా అసలు ఫైలు కాపీ వేరుగా ఉంచండి. ముందు “డల్లాస్‌లో” వంటి ఒక్క మాటతో పరీక్షించి, సరిగా వచ్చాకే మొత్తం ఫైలు మార్చండి.