కంట్లో లెన్సుకు నెంబరు ఎలా కుదిరింది

మోతిబిందు ఆపరేషన్ అంటే పొర తీసేయడమని మన దగ్గర చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ తీసేది మసకబారిన సహజ లెన్సును. ఒకప్పుడు దాని స్థానంలో ఏమీ పెట్టేవాళ్లు కాదు. ఆపరేషన్ అయినవాళ్లు ప్లస్ పది నెంబరు సోడాబుడ్డి అద్దాలతో బతకాల్సి వచ్చేది. అవి పగిలితే కొత్తవి వచ్చేదాకా మళ్లీ చీకటే.

లోపలే లెన్సు పెట్టొచ్చని చూపినవాడు లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లే. యుద్ధవిమానం పైకప్పు పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ల తరబడి వాపు లేకుండా ఉండిపోవడం గమనించాడు. 1949 నవంబరు 29న అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్సును ఒకామె కంట్లో అమర్చాడు. లెన్సు నిలిచింది గానీ, ఆమెకు ఏకంగా మైనస్ 18 దాకా నెంబరు వచ్చింది. వంపులు సహజ లెన్సువే, ప్లాస్టిక్ మాత్రం కాంతిని అంతకంటే ఎక్కువ వంచుతుంది మరి! తోటి వైద్యులు ఆయన్ని ఏళ్ల తరబడి తప్పుపట్టారు.

నా దృష్టిలో ఈ కథలో పెద్ద మలుపు లెన్సు కాదు, కొలత. 1967లో రష్యన్ వైద్యుడు ఫ్యోదొరోవ్ లెన్సు పవరు కట్టే సూత్రం ఇచ్చాడు. 1980లో వచ్చిన ఎస్‌ఆర్‌కే సూత్రం ఆ పనిని తేలిక చేసింది. దాని ప్రకారం కంటి పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే లెన్సు పవరు రెండున్నర మారుతుంది. పొడవును ఏ-స్కాన్ చూస్తుంది. మత్తు చుక్కలు వేసి, పెన్నులాంటి ప్రోబును కార్నియాకు ఆనిస్తారు. లోపలికెళ్లిన అల్ట్రాసౌండ్ రెటీనాకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి పొడవు లెక్కగడతారు. టెక్నీషియన్ కాస్త నొక్కినా కన్ను అణిగి పొట్టిగా కనిపిస్తుంది. అప్పుడు ఎక్కువ పవరు లెన్సు పడి, దూరం మసకవుతుంది.

1992లో మదురైలో అరోల్యాబ్ మొదలయ్యాక ఇక్కడే చవకగా లెన్సులు తయారయ్యాయి. వాటి అవసరం ఎంతుందో ఒక సర్వే చూపింది. 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్ల పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పట్లో భాగంగా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా ఆ నాలుగింటిలో ఒకటి. సర్వేలో తేలిన అంధత్వంలో 44 శాతానికి కారణం మోతిబిందు, 16.3 శాతానికి సరిదిద్దని నెంబరు. ఆ ప్రాంతంలోనే, నాగర్‌కర్నూలు దగ్గరి తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఆసుపత్రి ఉంది.

అద్దాల నెంబరు పోగొట్టే లాసిక్ చికిత్స చేయించుకున్నవాళ్లు మోతిబిందు ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. లెన్సు లెక్కలో భాగమైన కార్నియా వంపు లాసిక్‌తో మారిపోయి మామూలు లెక్క తప్పుతుంది. డిశ్చార్జి కాగితం మీద అంటించే లెన్సు స్టిక్కరునూ దాచుకోవాలి. రెండో కంటి ఆపరేషన్‌కు ముందు డాక్టరు దాన్ని, మొదటి కంటికి మిగిలిన నెంబరును కలిపి చూసి లెక్క సరిచేసుకుంటారు.