పాత పడవలో నీళ్లు ఎక్కడ దాక్కుంటాయి?

పాత చేపల పడవ ఇంటికి తెచ్చుకున్నవాళ్లు చాలామంది ముందు రంగు డబ్బా కొంటారు. ఆ ఉత్సాహం తప్పు కాదు గానీ వరస తప్పు. రంగు ఆఖరి రోజు పని. చిల్లు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది, పూడ్చడమూ కష్టం కాదు. కంటికి కనపడకుండా చెక్కలోకీ, ఫైబరు పొరల మధ్యకీ చేరిన తడి మాత్రం ఏళ్ల తరబడి లోపలే ఉండి పడవను తినేస్తుంది. ఆ తడిని పట్టుకోవడమే అసలు మరమ్మతు.

ఢిల్లీలో ఉంటూ ఈ పని పెట్టుకునేవాళ్ల కోసమే ఈ మాటలు. ఇక్కడ పడవల ఊసేమిటని అనిపించవచ్చు. యమునా బజార్ ఘాట్లలో మల్లాలు (పడవ నడిపేవాళ్లు) ఇప్పటికీ చెక్క పడవలు నడుపుతున్నారు. ఒడ్డుకు లాగి, బోర్లించి, తమ చేతులతోనే బాగుచేసుకుంటారు. 2023 జులైలో పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు పొంగి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటినప్పుడు నగరం వీధుల్లో పడవలే దిక్కయ్యాయి. ఇక మన తెలుగు తీరంలో వాడకంలో ఉన్న చిన్న పడవల్లో ఇప్పుడు ఎక్కువ ఫైబరువే. అక్కడ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. కాకినాడైనా విశాఖ అయినా పడవలు ఒడ్డెక్కి మరమ్మతుకు నోచుకునేది ఆ రోజుల్లోనే. సరిగ్గా అవే నెలల్లో ఢిల్లీ గాలి ఎముకలా ఎండిపోయి ఉంటుంది. తీరంలోని ఉక్కపోతలో వారాలు పట్టే ఆరుదల ఇక్కడి వడగాలికి త్వరగా అవుతుంది. ఫైబరు పడవకు ఇది వరం. చెక్క పడవకు మాత్రం ఇదే గండం. ఆ సంగతి తర్వాత.

ముందు ఫైబరు పడవ. దాన్ని పరీక్షించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఒక రూపాయి నాణెం చాలు. పడవ ఒంటి మీద జానెడు జానెడుకీ తట్టుకుంటూ వెళ్లాలి. పొరలు గట్టిగా అతుక్కుని ఉన్నచోట టక్కుమని మోగుతుంది. విడిపోయినచోట బొంగురుగా, చప్పగా వినిపిస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. అడుగు భాగంలో పైపూత మీద చిన్న చిన్న బొబ్బలు కనిపిస్తే ఒకటి పొడిచి చూడండి. లోపలి ద్రవం జిగటగా, వెనిగర్ లాంటి పుల్లటి వాసనతో ఉంటే నీళ్లు పైపూత దాటి లోపలికి చేరి, రెసిన్‌లోని పదార్థాలను కరిగిస్తున్నాయని అర్థం. దాని మీద రంగు వేస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా అనుమానించాల్సింది ఇంజను బిగించే వెనక పలకని. చాలా పడవల్లో అది ప్లైవుడ్, దానికి రెండువైపులా ఫైబరు తొడుగు. బోల్టుల చుట్టూ పూసిన సీలు ఎండి పగిలితే ఆ సందులోంచి చుక్క చుక్కగా నీరు దిగి ప్లైవుడ్‌ను కుళ్లబెడుతుంది. పైకి మాత్రం పలక నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక బోల్టు విప్పి, ఆ రంధ్రంలో సన్న బరమా తిప్పితే పొడిగా, లేత రంగులో పొట్టు రావాలి. నల్లగా, తడిగా వచ్చిందంటే పలక మొత్తం మార్చాల్సిందే. ఇక్కడ సర్దుకుపోకూడదు, నడి నీళ్లలో ఇంజను ఊడేది ఇక్కడే. అలాగే, మునగకుండా తేల్చడానికి కొన్ని పడవల అడుగున నింపే ఫోమునూ చూడాలి. అది యాభై లీటర్లు పీల్చుకుంటే యాభై కిలోల బరువు మోస్తూ తిరుగుతున్నట్టు.

ఫైబరు పొరలను అతికించే పాలిస్టర్ రెసిన్ తడి మీద సరిగా పట్టుకోదు. అందుకే ఆరబెట్టడానికి ఇంత పట్టుదల. మార్చిలోనే పాత రంగు, చెడిన పొరలు గీకేసి నీడపట్టున గాలికి వదిలేస్తే మే నాటికి పడవ సిద్ధమవుతుంది. చిల్లు అంచులను నిటారుగా వదలకూడదు, ఏటవాలుగా చెక్కాలి. ఒంటి మందం 5 మిల్లీమీటర్లయితే చుట్టూ 60 మిల్లీమీటర్ల దాకా, అంటే పన్నెండింతలు. కొత్త ఫైబరు మ్యాటుకు పట్టు దొరికేది ఆ వాలు మీదే. కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాముల హార్డెనర్ కలుపుతారు. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కలిపితే చేతిలో ఉండగానే గడ్డకడుతుంది. జనవరి చలిలో గంటలు గడిచినా జిగట పోదు. మే నెలలో తెల్లవారుజాము దీనికి మంచి సమయం.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. రెసిన్ త్వరగా గట్టిపడడానికి వాడే కోబాల్ట్ ద్రావణాన్నీ హార్డెనర్‌నూ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకండి. భగ్గుమంటాయి, పేలతాయి. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. రెసిన్ ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు, నిప్పుకు దగ్గర చుట్టం. నోయిడా, గుర్గావ్ అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో ఈ పని పెట్టుకోవద్దు. చుట్టూ తెరిచి ఉన్న షెడ్డు కావాలి, రసాయన ఆవిరికి పనికొచ్చే మాస్కు కావాలి.

చెక్క పడవ దగ్గర ఈ లెక్కంతా తలకిందులు. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉంటే కుళ్లుబూజు పెరగదు, అంతవరకు ఆరడం మంచిదే. కానీ వడగాలిలో వారాల తరబడి వదిలేస్తే పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. ఆ సందులు చూసి కంగారుపడి దూది దట్టంగా కుక్కేస్తారు కొత్తవాళ్లు. నీళ్లలోకి దించాక చెక్క ఉబ్బుతుంది, దూదికి చోటు చాలదు, పలకలే పక్కకు జరిగి మేకులు లాగేసుకుంటాయి. వదులుగా కూర్చి, పైన తారు పూసి, మిగతాది చెక్కకే వదిలేయాలి. తుప్పుపట్టిన ఇనుప మేకులను ఉపేక్షించకూడదు. తుప్పు మేకును ఉబ్బించి చుట్టూ ఉన్న చెక్కను చీలుస్తుంది. సముద్రపు పడవకు చెక్కను తొలిచే పురుగుతో ప్రమాదం. నది పడవకు ఆ బెడద లేదు గానీ మంచినీళ్లలో, వాననీళ్లలో కుళ్లు ఎక్కువ. అందుకని బోర్లించి ఉంచడం, లోపల వాననీరు నిలవనివ్వకపోవడం రంగుకన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

సామగ్రి బిగించే ముందు బరువు లెక్క చూసుకోవాలి. పాత పడవకు కొత్త ఇంజను అనగానే ఎక్కువ హార్స్‌పవర్ మీదకు మనసు పోతుంది. తొలుత తయారుచేసినవాళ్లు ఎంతకు ఉద్దేశించారో అంతకు మించకపోవడం మేలు. వెనక బరువు పెరిగితే ముందు భాగం లేస్తుంది, వెనక గట్టు మీదుగా నీళ్లు ఎగబాకుతాయి. లోతట్టు జలాల్లో ఇంజనుతో నడిచే పడవలకు 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో లోతట్టు నౌకల చట్టం వచ్చింది. ఇంజను బిగించేముందే రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి.

నీళ్లలోకి దించే పద్ధతి కూడా రెండింటికీ వేరు. చెక్క పడవను మోకాలి లోతు నీళ్లలో తాడుతో కట్టి రెండు మూడు రోజులు వదిలేయాలి. మొదటిరోజు కారుతుంది, భయపడక్కర్లేదు, నీళ్లు తోడేస్తూ ఉండాలి. పలకలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. మూడో రోజుకీ ఎక్కడైనా ధార ఆగకపోతే ఆ ఒక్క సందునే మళ్లీ విప్పి చూడాలి. ఫైబరు పడవకు ఆ సడలింపు లేదు. మొదటి గంటలో ఒక్క చుక్క కారినా బయటికి తీసి, మళ్లీ నాణెం పట్టుకోవాల్సిందే.