నిలువురాళ్లు - రాకాసిగుళ్లు

కృష్ణానది తెలంగాణమునఁ బ్రవేశించిన కొలఁదిదూరములోనే, నారాయణపేట జిల్లాయందు, ముడుమాల్ అను గ్రామము గలదు. ఆ గ్రామపుఁ బొలములందు సుమారు 80 ఎకరముల మేర నేలఁ బాఁతిన పెనురాళ్లు నిలిచియున్నవి. 10 మొదలు 14 అడుగుల వఱకు నెత్తుగలవి యించుమించుగా 80. వరుసలు దీర్చిన చిన్నరాళ్లు 3000 వఱకు నుండునని పరిశోధకులు లెక్కించిరి. మధ్యాహ్నమునఁ జూచువానికి వరుస తెలియదు. ప్రొద్దు వ్రాలుచుండఁగా నీడలు సాగినపుడే యవి పంక్తులని కనఁబడును.

వీని కాలము నేఁటికి 3500 మొదలు 4000 ఏండ్లకుఁ బూర్వమని యంచనా. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులై యుండిన కె. పి. రావుగారు వీనిని బహుకాలము పరిశీలించి, కొన్ని వరుసలు అయనాంతదినముల సూర్యోదయాస్తమయములకు సరిపోవుచున్నవనియు, ఒక బండమీఁదఁ దొలిచిన చిన్నగుంటలు సప్తర్షిమండలమును బోలియున్నవనియుఁ జెప్పిరి. ఇది గొప్పమాట. అయినను ఆ గుంటలు ధ్రువతారను జూపుచున్నవని తొందరపడి యనుట తగదు. అయనచలనముచేత నాఁటి ధ్రువస్థానమున నేఁటి ధ్రువతార లేదు. నాఁటివా రుత్తరదిక్కు నెఱుఁగుట వేఱు, ఈ తారచేత నెఱుఁగుట వేఱు.

గ్రామస్థుల కీ చర్చతోఁ బనిలేదు. వారి కా చోటు నిలువురాళ్ల తిమ్మప్ప. అందొక రాయి యెల్లమ్మ.

పేరులను బట్టి విచారించినచో మఱియొక సంగతి తోఁచును. భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జానంపేట కడనున్న ప్రాచీనసమాధులను జనులు రాకాసిగుళ్లందురు. ఇట్టివే మఱికొన్ని తావులఁ బాండవగుళ్లు. బల్లపరుపురాళ్లు నాలుగువైపుల నిలిపి, పైనొక పెద్దబండఁ గప్పి, వెలుపల గుండ్లను వలయముగాఁ బేర్చుట వాని కట్టడము. రాకాసి యనునది రాక్షసిశబ్దమునకు వికృతి. అంతటి బండల నెత్తుట మనుష్యులవలనఁ గాదని తలఁచి పెట్టిన పేరిది. ఇఁక గుడి యనఁగా దేవాలయమని యెల్ల రెఱుఁగుదురు. కాని యా మాటకు వలయమనియు నర్థము గలదు. చంద్రునిచుట్టు నేర్పడు పరివేషము వరదగుడి. అక్షరముమీఁది ఇకారచిహ్నమును గుడియే. కాఁబట్టి రాకాసిగుళ్లలోని గుళ్లు వలయములే కావచ్చును. దేవుఁడు లేని కట్టడమునకు గుడి యను పేరేల వచ్చెనను శంక కిది యొక సమాధానము. సిద్ధాంత మనుటకు మాత్రము పూర్వప్రయోగము చూపవలసియున్నది.

శ్మశానశబ్దమును యాస్కుఁడు శరీరము శయనించు తావని నిర్వచించెను. ఆ నిర్వచనము నేఁటి కాటికంటె నీ రాతియిండ్లకే చక్కఁగా నన్వయించును.

ముడుమాల్ 2025లో యునెస్కోవారి ప్రపంచవారసత్వ తాత్కాలికపట్టిక కెక్కినది. పట్టిక కెక్కని తావులందు రాళ్లు పొలముగట్లకును, కంకరకును బోవుచున్నవి. వలయపు గుండ్లే ముందు పోవును. చిన్నవి గనుక బండ్ల కెక్కును. కప్పుబండ మిగిలినను, పూర్వులు దానిని గుడి యని యేల యనిరో చూపుటకు సాక్ష్యము మిగులదు.