విందులలో చిరుతిండ్లు

పెండ్లికిగాని, సంఘ సమావేశమునకుగాని పోయినవారికి బజ్జీలు, మిక్చరు, కూల్‌డ్రింకు నొసగుట నేడు మర్యాదయైనది. వలదన్నచో గృహస్థు చిన్నబుచ్చుకొనునని మొగమాటమున భుజించుచున్నాము.

అట్టి తీపి పానీయము 300 మిల్లీలీటర్లలో పంచదార సుమారు 30 గ్రాములుండును. దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మిక్చరు వంటివానిలో ఉప్పు మెండు. పలుమారులు కాచిన నూనె హానికరము. ఇవి అలవాటైనచో స్థూలకాయము, మధుమేహము, రక్తపుపోటు, హృద్రోగము సంభవింపవచ్చును.

కావున సభ్యులారా, ఇంట అంబలి త్రాగి బయలుదేరుడు. ఆకలి లేనివానికి వలదనుట సులభము. గృహస్థుని గౌరవార్థము ఒక ముక్క గైకొని, మజ్జిగ యడుగుడు. పెట్టువారును మనము పండించిన వేరుసెనగకాయలను ఉడికించి, జామపండ్లతో నిడవచ్చును. ఈ మార్పును రాబోవు సర్వసభ్య సమావేశమునుండియే మన సంఘము ప్రారంభింపవలయును.