రాత్రి ఫొటోల్లో ఆ చుక్కలు ఎందుకొస్తాయి? ఎలా తగ్గించాలి?

ఈ ఎపిసోడ్‌ని నా ఫోన్‌లో ఉన్న ఒక ఫొటోతో మొదలుపెడతాను.

దీపావళి రాత్రి. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ప్రమిదల్లో నూనె పోస్తోంది. నేను గేటు దగ్గరే నిలబడి, ఫుల్ జూమ్ పెట్టి క్లిక్ చేశాను. స్క్రీన్ మీద బాగానే కనిపించింది. తర్వాతి దీపావళికి అమ్మమ్మ లేదు. పెద్ద ప్రింట్ తీయిద్దామని ఆ ఫొటో తెరిచి చూస్తే, మొహం నిండా రంగురంగుల చుక్కలు. దీన్నే ఇమేజ్ నాయిస్ అంటారు.

ఐఎస్ఓ పెరిగితే నాయిస్ వస్తుందని చాలామంది అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ని. కానీ అసలు కారణం వెలుగు చాలకపోవడం.

ఎలాగంటే, పెరట్లో వరసగా ఒకే సైజు గ్లాసులు పెట్టారనుకోండి. నాలుగు చినుకులు పడి వాన ఆగిపోతే ఒకదాంట్లో 3 చుక్కలు, పక్కదాంట్లో 7 ఉంటాయి. గంటసేపు కురిస్తే అన్నింట్లో దాదాపు ఒకే మట్టం. సెన్సర్‌లోని పిక్సెళ్లు ఆ గ్లాసుల్లాంటివే. వెలుగు కూడా ఫోటాన్లనే చినుకులుగా పడుతుంది. పిక్సెల్‌కి సగటున 100 ఫోటాన్లు అందితే, ఓ 10 అటూ ఇటూ అవుతాయి. అంటే 10 శాతం తేడా. 10,000 అందితే తేడా 100, అంటే 1 శాతమే. బాగా చీకట్లో సెన్సర్ సర్క్యూట్ నాయిస్ కూడా దీనికి తోడవుతుంది.

మరి ఐఎస్ఓ ఏంటి? అది వాల్యూమ్ బటన్ లాంటిది. సరిగ్గా అందని ఎఫ్ఎం స్టేషన్‌కి సౌండ్ పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది కదా, అంతే.

సో, మనం చేయాల్సింది వెలుగు ఎక్కువ అందేలా చూడటం.

ఒకటి, జూమ్ చేయకండి, దగ్గరికి నడవండి. డిజిటల్ జూమ్ అంటే ఉన్న ఫొటోలో ముక్క కత్తిరించి పెద్దది చేయడమే. చాలా ఫోన్లలో పెద్ద సెన్సర్ ఉండేది మెయిన్ కెమెరాకే. రాత్రిపూట 1ఎక్స్ మీదే ఉండండి.

రెండు, మనిషిని దీపం వైపు, ట్యూబ్‌లైట్ వైపు తిప్పి కూర్చోబెట్టండి.

మూడు, నైట్ మోడ్ వాడండి. అది వరసగా కొన్ని ఫొటోలు తీసి కలుపుతుంది. ఒకేలాంటి 4 ఫొటోలు కలిపితే నాయిస్ సగానికి, 16 కలిపితే పావు వంతుకి తగ్గుతుంది. అందుకే మోచేతులు గోడకి ఆనించి, ఆ రెండు మూడు సెకన్లు కదలకుండా ఉండాలి. ఎదుటివాళ్లని కూడా కదలొద్దని చెప్పండి.

నాలుగు, కదలని వస్తువైతే ప్రో మోడ్ పెట్టి, ఫోన్‌ని దేనికైనా ఆనించండి. ఐఎస్ఓ 3200, షట్టర్ 1/30 సెకను పెట్టి ఒకటి తీయండి. ఐఎస్ఓ 100, షట్టర్ 1 సెకను పెట్టి ఇంకొకటి తీయండి. బ్రైట్‌నెస్ ఇంచుమించు ఒకటే వస్తుంది. రెండింట్లోనూ చీకటి మూలల్ని జూమ్ చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

అమ్మమ్మ ఫొటోకి నాయిస్ తీసేసే యాప్ కూడా వాడాను. చుక్కలతో పాటు ముడతలూ పోయాయి. నున్నగా ఎవరిదో మొహం! సెన్సర్‌కి అందని వివరాన్ని యాప్ ఊహించగలదు గానీ, తిరిగి తేలేదు. అందుకే ఒరిజినల్‌ని డిలీట్ చేయలేదు, చుక్కలతోనే ప్రింట్ తీయించాను.

ఆ రోజు గేటు నుంచి అరుగు దాకా పది అడుగులు. మీరు మాత్రం ఆ పది అడుగులు నడవండి. మళ్లీ కలుద్దాం, బై.